అవధానము, అనవధానము, ఒక చిన్న మాత్ర



ఒక సాయంత్రం బడి విడిచిన తరువాత మూడవ తరగతి పిల్లవాని తల్లి నా వద్దకు వచ్చింది. రెండు వారాలుగా సంచిలో పెట్టుకొని తిరుగుతున్న మందుల చీటీని నా బల్లమీద పరచి, "మాస్టారూ, ఇది బిడ్డకు ఇవ్వవచ్చునా? ఇస్తే మొద్దుబారిపోతాడని మా అత్తగారు అంటున్నది. ఇవ్వకపోతే చదువు పాడవుతుందని మా ఆయన అంటున్నాడు. మీరు రోజూ చూస్తున్నారు గదా, మీరే చెప్పండి" అన్నది.

నేను వైద్యుడను కాను. మందు ఇవ్వమనే అధికారం గాని, మానమనే అధికారం గాని నాకు లేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. కాని అంతటితో చేతులు దులుపుకొనుట న్యాయమనిపించలేదు. వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కాగితంమీద వ్రాసి ఇచ్చాను. ఆ ప్రశ్నలు నేను కల్పించినవి కావు. ఈ మందులకు దాదాపు తొంబది ఏండ్ల చరిత్ర ఉన్నది. అందులో ఎవరో ఒకరు భయపడి అడిగినప్పుడు పుట్టినవే ఆ ప్రశ్నలన్నీ. ఆ చరిత్రను నాకు తెలిసినంతవరకు మీ ముందుంచుటే ఈ వ్యాసం ఉద్దేశం.

మన మాటలోనే ఉన్న కొలత

ఏ.డి.హెచ్.డి. అని వైద్యులు పిలిచే స్థితిని తెలుగులో 'అవధాన లోపం, అతిచలనం' అని వ్రాస్తున్నారు. అవధానమనే మాట మనకు కొత్తది కాదు. అష్టావధాన సభను చూసినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు వద్దన్న అక్షరాన్ని, అది నాలుకపైకి వచ్చినా, అవధాని ఆపుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుని పని ఆయన దృష్టిని మళ్లించుటే. ఆయనకు నవ్వుతూ బదులు చెప్పి, విడిచిన చోటునుండే పద్యాన్ని అందుకోవాలి. చివరకు అన్నింటినీ ధారణలో అప్పగించాలి.

నోటికి వచ్చినదాన్ని ఆపుకొనుట, మళ్లిన మనస్సును తిరిగి తెచ్చుకొనుట, విన్నదాన్ని కొంతసేపు పట్టి ఉంచుట. అవధాని ఎనిమిదిమంది ముందు చేసే ఈ మూడు పనులనే చిన్న ఎత్తున ప్రతి పిల్లవాడూ తరగతిలో చేయవలసియున్నది. ఏ.డి.హెచ్.డి. ఉన్న పిల్లవానికి కష్టమయ్యేవి సరిగా ఇవే. వానికి తెలివి తక్కువ కాదు, పొగరూ కాదు. పగ్గాలు చేతికి అందవు, అంతే.

అయితే అల్లరి వేరు, ఈ కష్టం వేరు. ముళ్లపూడి వెంకటరమణగారు సృష్టించి, బాపుగారు బొమ్మ గీసిన బుడుగును తలచుకోండి. ప్రైవేటు మాష్టర్లను తిప్పలు పెట్టే ఆ పిల్లవానికి ఏ మందూ అవసరమని మనం అనుకోము. జర్మనీలో హైన్‌రిష్ హాఫ్‌మన్ అనే వైద్యుడు అచ్చువేసిన బొమ్మల పుస్తకంలోనూ భోజనాల బల్లవద్ద కుదురుగా కూర్చోలేని ఫిలిప్ అనే పిల్లవాడున్నాడు. కథలోని చిలిపితనం ఎక్కడ ముగుస్తుంది, చికిత్స కోరే బాధ ఎక్కడ మొదలవుతుంది అన్నది వైద్యశాస్త్రం నెమ్మదిగా తేల్చుకున్న విషయం.

స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే, దేనిమీదా మనస్సు నిలువని స్థితిని గురించి వ్రాశాడు. 1902లో జార్జి స్టిల్ అనే శిశువైద్యుడు లండనులో చేసిన ఉపన్యాసాలలో, తెలివి ఉండి కూడా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లలను వర్ణించాడు. తరువాత పేర్లు అనేకం మారాయి. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో 1968లో 'అతిచలన ప్రతిచర్య' అన్నారు, 1980లో 'అవధాన లోపం' అన్నారు, 1987లో నేటి పేరు పెట్టారు. 2013 నాటి వర్గీకరణ ప్రకారం లక్షణాలు పన్నెండేండ్ల లోపే కనబడాలి, కనీసం ఆరు నెలలు నిలవాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా ఉండాలి. ఈ 'రెండు చోట్ల' అన్న షరతును దయచేసి గుర్తుంచుకోండి. మళ్లీ దానివద్దకు వస్తాను.

తలనొప్పికి ఇచ్చిన మందు

ఈ మందుల కథ యాదృచ్ఛికంగా మొదలైనది. అమెరికాలోని రోడ్ ఐలండు రాష్ట్రంలో, నరాల జబ్బులు, ప్రవర్తనలో చిక్కులు ఉన్న పిల్లల కొరకు బ్రాడ్లీ హోమ్ అనే ఆసుపత్రి 1931లో ప్రారంభమైనది. అక్కడి వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ. ఆ రోజులలో మెదడును ఎక్స్‌రేలో చూచుటకు వెన్నులోని ద్రవాన్ని తీసి గాలిని ఎక్కించేవారు. ఆ పరీక్ష తరువాత పిల్లలకు భరించరాని తలనొప్పి వచ్చేది. దానిని తగ్గించాలని ఆయన బెంజెడ్రిన్ అనే ఆంఫెటమిన్ మందు ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు గాని, కొందరు పిల్లలు పాఠాలమీద కూర్చోసాగారు.

బ్రాడ్లీ ఆ సంగతిని 1937లో ప్రకటించాడు. ముప్పది మంది పిల్లలకు ఒక వారం మందు ఇవ్వగా, పద్నాలుగు మంది చదువులో గొప్ప మార్పు కనబడిందని వ్రాశాడు. పిల్లలు వాటికి 'లెక్కల మాత్రలు' అని పేరు పెట్టుకున్నారట. హుషారు పుట్టించే మందు చంచలమైన పిల్లవాని ఎట్లా శాంతపరచినది? నాడు అది వింతగానే తోచింది. మెదడులో డోపమిన్, నోరడ్రెనలిన్ అనే రసాయనాలు అందుబాటులో ఉండే మోతాదును ఈ మందులు పెంచుతాయనీ, ఆపుకొనుటకు, నిలుపుకొనుటకు తోడ్పడే మెదడు భాగాలకు అవి బలమిస్తాయనీ నేడు చెబుతున్నారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ముప్పది మంది, ఒక్క వారం. ఎత్తు ఏమవుతుంది, గుండె ఏమవుతుంది, పదేండ్లు వాడితే ఏమవుతుంది అని ఆ ఒక్క వారంలో ఎవరికి తెలుస్తుంది? మేలు కంటికి వెంటనే కనబడింది. కీడును వెదకుటకు దశాబ్దాలు పట్టింది. ఔషధ చరిత్రలో తరచుగా జరిగేది ఇదే.

అయితే మనం గర్వించడానికీ వీలులేదు. ఆనాటి మన వీధిబడులలో కుదురులేని పిల్లవానికి దొరికిన చికిత్స ఏమిటి? బెత్తం, గోడకుర్చీ, గుంజీలు. ఇంకా పాతకాలంలో దూలానికి కట్టిన తాడు పట్టుకొని వ్రేలాడే కోదండం. ఆ చికిత్సల భద్రత ఎంత అని అడిగినవారే లేరు. పిల్లలను కొట్టుట, మనస్సు నొప్పించుట నిషిద్ధమని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను చెప్పవలసివచ్చింది. మందును శంకించే మనం, మందు లేని రోజులలో ఆ పిల్లలు ఏమి అనుభవించారో కూడా తలచుకోవాలి.

రీటా పేరు పెట్టుకున్న మాత్ర

1944లో స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో, సీబా కంపెనీలో పనిచేసే లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మిథైల్‌ఫెనిడేట్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. ఆయన భార్య ముద్దుపేరు రీటా. రక్తపోటు తక్కువగా ఉండే ఆమె టెన్నిస్ ఆటకు ముందు దానిని వేసుకొనేదని చెబుతారు. ఆమె పేరుమీదనే దానికి 'రిటాలిన్' అని పేరు వచ్చింది. 1950లలో అది అంగడికి వచ్చినప్పుడు అలసట, దిగులు ఉన్న పెద్దల కొరకు అమ్మారు. 1961లో అమెరికాలో పిల్లల ప్రవర్తన కొరకు అనుమతి దొరికింది. నేటికీ ప్రపంచంలో ఏ.డి.హెచ్.డి.కి వాడే ముఖ్యమైన మందు ఇదే.

భయం అడిగిన ప్రశ్నలు

1970లో అమెరికాలోని ఒమాహా నగరంలో బడిపిల్లలకు విరివిగా ఈ మందులు ఇస్తున్నారని ఒక పత్రికలో వార్త వచ్చింది. అందులోని అంకెలు ఎక్కువచేసి చెప్పినవని తరువాత తేలినా, రేగిన కలవరం చల్లారలేదు. ఆ సెప్టెంబరులో ఆ దేశపు ప్రతినిధుల సభలో విచారణ జరిగింది. మందు మంచిదా చెడ్డదా అన్నది అక్కడి ప్రశ్నలలో ఒకటి మాత్రమే. తరగతి నిశ్శబ్దంగా ఉండుట కొరకు బడి తల్లిదండ్రులను ఒత్తిడి చేయవచ్చునా అన్నది మరొకటి. దీనికి చట్టరూపమైన జవాబు రావడానికి చాలా ఏండ్లు పట్టింది. మందు వాడితేనే బడికి రానిస్తామని ఏ బడి ఉద్యోగీ షరతు పెట్టరాదని 2004లో ఆ దేశపు ప్రత్యేక విద్యా చట్టంలో చేర్చారు. ఆ చట్టం మనకు వర్తించదు. అందులోని నీతి మాత్రం ఏ ఊరి ఉపాధ్యాయునికైనా వర్తిస్తుంది.

రెండవ భయం ఎదుగుదల గురించి. ఈ మందులు పిల్లల ఎత్తు, బరువులను తగ్గిస్తున్నాయన్న పరిశీలన 1972లోనే వెలువడింది. ఆకలి తగ్గుట ఈ మందుల సాధారణ దుష్ఫలితం కనుక అది వింత కాదు. 1999లో వెలువడిన ఎం.టి.ఏ. అనే పెద్ద అధ్యయనంలో 579 మంది పిల్లలను పద్నాలుగు నెలలు గమనించారు. జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు, ముఖ్య లక్షణాలను తగ్గించుటలో ప్రవర్తన శిక్షణ ఒక్కదానికంటె మెరుగని తేలింది. అదే పిల్లలను మరికొంత కాలం చూడగా రెండు సంగతులు బయటపడ్డాయి. మూడేండ్లు గడిచేసరికి ఆ మొదటి ఆధిక్యం కనబడలేదు. మందు వాడుతూ వచ్చిన పిల్లలు వాడని పిల్లలకంటె సుమారు 2 సెంటీమీటర్లు పొట్టిగా, 2.7 కిలోలు తేలికగా ఉన్నారు. మందు పనిచేయదని దీని అర్థం కాదు. ఒకసారి మొదలుపెట్టి మరచిపోయే మందు కాదని అర్థం. ఇంకా అవసరమున్నదా అని ఏడాదికి ఒకసారైనా అడుగవలెను.

మూడవ భయం నిజమై ఒక మందునే అంగడినుండి తొలగించింది. పెమొలిన్ అనే మందుకు 1975లో అమెరికాలో అనుమతి దొరికింది. తరువాత కొందరిలో అది కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం మీదికి తెచ్చింది. బ్రిటన్ 1997లోనే దానిని తొలగించింది. అమెరికాలో 2005లో, మేలుకంటె ప్రమాదమే ఎక్కువని అక్కడి ఔషధ సంస్థ ప్రకటించింది. మందు అంగడిలో ఉన్నంత మాత్రాన దాని భద్రత తేలిపోయినట్లు కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

నాలుగవది గుండెకు సంబంధించిన భయం. 2005 ఫిబ్రవరిలో కెనడా ప్రభుత్వం ఆంఫెటమిన్ జాతికి చెందిన ఒక మందు అమ్మకాన్ని ఆపివేసింది. దానిని వాడినవారిలో 20 ఆకస్మిక మరణాలు, వాటిలో 14 పిల్లలవి, జరిగినట్లు ప్రపంచం నలుమూలలనుండి అందిన నివేదికలు అందుకు కారణం. నిపుణుల సంఘం పరిశీలించిన పిమ్మట అదే సంవత్సరం ఆగస్టులో తిరిగి అనుమతించింది. పుట్టుకతోనే గుండె నిర్మాణంలో లోపమున్నవారికి ఇవ్వరాదన్న హెచ్చరిక మాత్రం నిలిచింది. అమెరికాలో 2006లో రెండు నిపుణుల సంఘాలు భిన్నాభిప్రాయాలు చెప్పాయి. 2007 నుండి ప్రతి మందుతోను తల్లిదండ్రులకు అర్థమయ్యే వివరపత్రం ఇవ్వాలన్న నియమం వచ్చింది.

అప్పుడు ఎవరి దగ్గరా తగినన్ని లెక్కలు లేవు. 2011లో అవి వచ్చాయి. రెండేండ్లనుండి ఇరవైనాలుగేండ్ల వయస్సు వరకు ఉన్న పన్నెండు లక్షల మంది రికార్డులను పరిశీలించగా, గుండెపోటు, పక్షవాతం, ఆకస్మిక హృదయ మరణం వంటి తీవ్ర ఘటనలు మొత్తం 81 కనబడ్డాయి. మందు వాడుతున్నవారిలో అవి ఎక్కువగా ఉన్నట్లు ఆధారం దొరకలేదు. ఇది తల్లిదండ్రులకు ధైర్యమిచ్చే మాట. కాని 2023లో వెలువడిన స్వీడన్ పరిశీలన ఒకటి, ఏండ్ల తరబడి వాడినవారిలో రక్తపోటు, ధమనుల జబ్బులు కొంత హెచ్చుగా ఉన్నట్లు చూపింది. అందులో పెద్దలూ ఉన్నారు. కావున రక్తపోటు, నాడి క్రమంగా చూస్తుండాలన్న నియమం ఈనాటికీ పాతబడలేదు.

ఆంఫెటమిన్ జాతికి చెందని అటొమాక్సెటిన్‌కు 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది కొన్ని వారాలకు గాని పూర్తిగా పనిచేయదు. 2004లో కాలేయం గురించి, 2005లో కొందరు పిల్లలలో ఆత్మహత్య ఆలోచనలు రావచ్చునని హెచ్చరికలు చేర్చారు. మరీ చిన్న పిల్లల విషయంలో హెచ్చరికలు ఇంకా పెరుగుతున్నవి. దీర్ఘకాలం పనిచేసే ఉత్తేజక మందులవలన ఆరేండ్ల లోపు పిల్లలు బరువు తగ్గే ప్రమాదమున్నదని మందుల సమాచార పత్రాలలో వ్రాయవలెనని 2025లో అమెరికా ఔషధ సంస్థ ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2019లోను, 2021లోను మిథైల్‌ఫెనిడేట్‌ను అత్యవసర మందుల పట్టికలో చేర్చుటకు అంగీకరించలేదు. దీర్ఘకాల ప్రయోజనానికి సాక్ష్యం ఇంకా గట్టిపడవలెనని వారి వాదం. అనేక దేశాల వైద్య సంఘాలు అదే మందును సిఫారసు చేస్తున్నవి. పెద్దలలోనే ఇంత చర్చ ఉన్నప్పుడు, ఒక తల్లి సందేహించుట అజ్ఞానం అనుకోరాదు.

మన దేశపు తాళం

మిథైల్‌ఫెనిడేట్ 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో రెండవ పట్టికలో ఉన్నది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దానిని మనోద్రేక పదార్థాలలో చేర్చింది. ఔషధ నియమాలలో అది 'ఎక్స్' షెడ్యూలు మందు. అంటే వైద్యుడు చీటీని రెండు ప్రతులుగా వ్రాయాలి. ఒక ప్రతిని మందుల షాపువారు రెండేండ్లు దాచాలి. సరుకును తాళం వేసి ఉంచాలి. ప్రత్యేకమైన లైసెన్సు లేనివారు అమ్మరాదు.

మందును చూచి తల్లిదండ్రులు భయపడుటకు ఈ తాళం కూడా ఒక కారణమని నా అనుభవం. "మత్తుమందుల చట్టంలో ఉన్నదట గదా, బిడ్డ అలవాటు పడిపోతాడేమో" అని అడుగుతారు. తాళం వేసినది ముఖ్యంగా దుర్వినియోగాన్ని ఆపుటకు. వైద్యుడు చెప్పిన మోతాదులో చికిత్స పొందిన పిల్లలు పెద్దయ్యాక వ్యసనాలకు ఎక్కువగా లోనవుతారని అధ్యయనాలు చూపలేదు. అయితే ఆ మాత్ర ఇంట్లో మరొక బిడ్డకు పంచిపెట్టేది కాదు, పరీక్షల ముందు అన్నగారు రాత్రి మేల్కొనుటకు వేసుకొనేదీ కాదు. ఇంటిలో కూడా తాళం ఉండాలి. మరొక ఇబ్బంది ఏమంటే, అన్ని షాపులలోను దొరకదు గనుక సరుకు అయిపోయేదాకా ఆగక ముందుగానే చూసుకోవాలి.

మన రాష్ట్రంలోనే కోయంబత్తూరు ప్రాంతంలో నాలుగు బడులలో ఆరునుండి పదకొండేండ్ల పిల్లలు 770 మందిని పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 11.32 శాతం మందిలో ఏ.డి.హెచ్.డి. ఉన్నదని అందులో వ్రాశారు. ఇటువంటి పరిశీలనలలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు నింపే ప్రశ్నపత్రాలు కీలకం. మన కలం ఎంత బరువైనదో చూడండి. 'ఎల్లప్పుడూ' అన్న గడిలో గుర్తు పెట్టుటకు 'అప్పుడప్పుడు' అన్న గడిలో పెట్టుటకు మధ్య ఒక బిడ్డ చికిత్స ఆధారపడి ఉండవచ్చును.

ఆ కలం పొరబడుతుందా? పొరబడుతుందని 2018లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన చూపింది. సెప్టెంబరు 1ని వయస్సుకు గడువుగా పెట్టుకున్న రాష్ట్రాలలో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికంటె చిన్నవారైన పిల్లలకు, సెప్టెంబరులో పుట్టి అందరికంటె పెద్దవారైన పిల్లలకంటె 34 శాతం ఎక్కువగా ఏ.డి.హెచ్.డి. అని నిర్ణయించారు. కొందరి విషయంలో లోపం మెదడులో లేదు, పుట్టినరోజులో ఉన్నది. బడిలో త్వరగా చేర్చాలన్న తొందరలో వయస్సు సరిగా చూడని మన ఊరిలో ఈ మాటను గోడకు అంటించుకోవాలి.

చెన్నై తెలుగు బిడ్డ సంగతి

ఇప్పుడు మన బడులకు వస్తున్నాను. ఇంట తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఆంగ్లం. 2006 నాటి చట్టం వలన 2006-07 విద్యా సంవత్సరంలో ఒకటవ తరగతినుండి తమిళం తప్పనిసరి అయి, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పెరిగి 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. ఆ చట్టం మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. ఆరేండ్ల తెలుగు బిడ్డ ఒకే రోజు మూడు లిపుల మధ్య తిరుగుతున్నదన్నది మాత్రం విషయం.

అర్థం కాని భాషలో నలుబది నిమిషాలు కూర్చున్న బిడ్డ ఏమి చేస్తుంది? కిటికీ చూస్తుంది, ప్రక్కవాని పెన్సిలు లాగుతుంది, చెప్పిన పని సగంలో విడుస్తుంది. ప్రశ్నపత్రంలోని లక్షణాలలో చాలా వాటికి అక్కడ గుర్తు పడుతుంది. అందుకే 'రెండు చోట్ల' అన్న షరతుకు మన బడులలో 'రెండు భాషలలో' అన్న మాటను కూడా జోడించి చూడాలని నా మనవి. ఇది వైద్యుల నియమం కాదు, నా అనుభవం.

ఒక బాలిక విషయం చెబుతాను. తరగతిలో మాట వినదనీ, పిలిచినా పలుకదనీ ఆమెమీద ఫిర్యాదు. నేను తెలుగులో కథ చెబుతూ ముందు వరుసలో కూర్చోబెడితే కళ్లార్పక వినేది. వెనుక వరుసలో కూర్చోబెడితే అదే కథలో దిక్కులు చూసేది. చెవులు పరీక్ష చేయించమని తల్లిదండ్రులను కోరాను. మధ్యచెవిలో ద్రవం చేరి వినికిడి తగ్గినదని తేలింది. చికిత్స జరిగిన తరువాత అవధాన లోపమన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత, క్షణకాలం స్పృహ తప్పి శూన్యంలోకి చూసే ఒకరకం మూర్ఛ, ఇంటిలోని కలతలు కూడా అవధాన లోపంవలెనే కనబడగలవు. మాత్రకు ముందు వీటన్నిటినీ వెదకాలి.

కాని ఒక హెచ్చరిక. కథను చక్కగా వినగలిగినంత మాత్రాన ఏ.డి.హెచ్.డి. లేదనీ అనరాదు. ఇష్టమైన ఆటలో, కథలో, దూరదర్శనంలో ఆ పిల్లలు గంటలకొద్దీ లీనం కాగలరు. ఇష్టం లేని పనిలోనే వారి పగ్గం తెగుతుంది. 'టీవీ ముందు కూర్చోగలడు గదా, చదువు దగ్గరే వచ్చిందా రోగం' అని నిందించే పెద్దలకు ఈ మాట తెలియజేయండి. అన్నిటికీ భాషే కారణమని చెప్పి నిజంగా సహాయం కావలసిన బిడ్డను ఏండ్ల తరబడి మొండివాడని తిట్టుట కూడా హానియే. చికిత్స అందకపోవుటకు కూడా దుష్ఫలితాలున్నవి. అవి ఏ పెట్టెమీదా అచ్చుపడవు.

కాగితంమీద వ్రాసిన ప్రశ్నలు

ఆ తల్లికి నేను వ్రాసి ఇచ్చినవి ఇవి. మీకూ పనికివస్తాయని ఇస్తున్నాను.

ఒకటి: నా బిడ్డ చూపు, వినికిడి, నిద్ర, రక్తం పరీక్షించారా? ఇంటివారినీ, ఒకరికంటె ఎక్కువమంది ఉపాధ్యాయులనూ అడిగారా?

రెండు: బిడ్డకు ఆరేండ్లు నిండినవా? నిండకపోతే మందుకు ముందు తల్లిదండ్రుల శిక్షణ, ప్రవర్తన చికిత్స ప్రయత్నించవచ్చునా?

మూడు: బిడ్డకు గుండె లోపం గాని, ఆడుతూ సొమ్మసిల్లిన సందర్భం గాని ఉన్నదా? మా వంశంలో చిన్న వయస్సులో ఆకస్మికంగా పోయినవారున్నారు, ఆ సంగతి మీకు చెప్పవలెనా? (తప్పక చెప్పవలెను.)

నాలుగు: మందు మొదలుపెట్టే ముందు ఎత్తు, బరువు, రక్తపోటు, నాడి వ్రాసుకున్నారా? మళ్లీ ఎప్పుడు చూస్తారు?

అయిదు: ఆకలి, నిద్ర, తలనొప్పి, కడుపునొప్పి, కన్నుగీటుట వంటి కొత్త అలవాట్లు, దిగులు, వీటిలో ఏది కనబడితే మీకు చెప్పాలి? ఏది కనబడితే ఆ రోజే రావాలి?

ఆరు: మందుతోపాటు బడిలో ఏమి మార్చాలి? ఎప్పుడు ఆపి చూడాలి?

ఆ పిల్లవాడు నా తెలుగు తరగతిలోను, తమిళ తరగతిలోను, ఇంటిలోను ఒకే తీరుగా ఉండేవాడు. పరీక్షలు చేసి వైద్యులు చిన్న మోతాదుతో మందు మొదలుపెట్టారు. మొదటి నెలలో మధ్యాహ్నపు డబ్బా తెరవకుండానే ఇంటికి పోయేది. ఆ సంగతిని నేను వారం వారం ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఇచ్చాను. తల్లి దానిని వైద్యునికి చూపగా, ఉదయం కడుపునిండా తిన్న తరువాతనే మాత్ర వేయమనీ, సాయంత్రం ఆకలి తిరిగివచ్చే వేళ మరొకసారి అన్నం పెట్టమనీ చెప్పి, బరువు నెలనెలా చూశారు. వాడు మొద్దుబారలేదు. అల్లరి కూడా పూర్తిగా మానలేదు. ఒక పుట చూచివ్రాత మాత్రం చివరివరకు వ్రాయగలిగాడు.

చెన్నైలో ఇటువంటి పిల్లలకు దిక్కు లేకపోలేదు. ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి, 1794లో మొదలైన చరిత్రగల కీల్పాక్కం మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నవి. చదువుట, వ్రాయుటలలో ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఉన్నవారికి 1991లో ఏర్పడిన మద్రాసు డిస్లెక్సియా అసోసియేషన్ ఉన్నది.

ఉపాధ్యాయ మిత్రులారా, మందు పేరు మనం చెప్పరాదు, మందు మానమనీ చెప్పరాదు. మనకు మిగిలిన పని చూచుట, వ్రాసి ఉంచుట. పై చరిత్రలో ప్రతి హెచ్చరికా ఎవరో ఒకరు చూచి వ్రాసి ఉంచినందువల్లనే వచ్చింది. తల్లిదండ్రులారా, ప్రశ్న అడిగితే వైద్యుడు కోపగించునని వెనుదీయకండి. ఆ తల్లి మొన్న మళ్లీ వచ్చింది. ఇంటి తలుపు వెనుక గోడమీద వాని ఎత్తును మూడు నెలలకొకసారి పెన్సిలుతో గీస్తున్నదట. ఈ జూన్‌లో గీసిన గీత క్రిందటి గీతకంటె వ్రేలెడు పైన ఉన్నదని చెప్పి వెళ్లింది.